విశాఖపట్నంలో పెరిగిన శాస్త్రవేత్త: సర్ సి. వి. రామన్

1888వ సంవత్సరం మన దక్షిణదేశానికి కలిసివచ్చిన సంవత్సరం. ఆ యేడు సెప్టెంబరు 5వ తేదీన మన తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు జన్మించారు. రెండు నెలలు గడిచాక, నవంబరు 7వ తేదీన, తిరుచిరాపల్లిలో ఒక తమిళ కుటుంబంలో చంద్రశేఖర వేంకట రామన్ గారు జన్మించారు. ఒకరు తత్త్వశాస్త్రంలోనూ మరొకరు భౌతికశాస్త్రంలోనూ లోకప్రసిద్ధులయ్యారు. 1954లో భారతరత్న బిరుదు మొట్టమొదటిసారి ప్రదానం చేసినప్పుడు రాజాజీగారితో పాటు ఈ ఇద్దరినీ వరించింది. రాధాకృష్ణన్ గారి చరిత్ర మన పిల్లలకు కంఠతా వచ్చును. అందువలన ఈ ఉగాది సంచికలో రెండవవారిని గురించి నాలుగు మాటలు వ్రాయదలిచాము.

తమిళులైన రామన్ గారు తెలుగువారి సంచికలో ఎందుకని ఎవరైనా అడగవచ్చును. దానికి రెండు కారణాలున్నవి. మనం తెలుగువాళ్లమై ఉండి తమిళనాట పిల్లల్ని పెంచుకుంటున్నాము. మనలో కొందరు ఉద్యోగం కోసం రైలెక్కి వచ్చినవారు. తిరుత్తణివైపు వారిలో కొందరు ఉన్న ఇంటినుంచి కదలనే లేదు. 1960 ఏప్రిల్ 1వ తేదీన తాలూకాయే చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చి చేరింది. రామన్ గారి సంగతి మనకు సరిగ్గా అద్దంలో బొమ్మ. ఆయన తమిళ బిడ్డ అయి ఉండి, తెలుగునాట, విశాఖపట్నంలో పెరిగి, అక్కడే బడి చదువంతా పూర్తిచేసినవారు. ఇది మొదటి కారణం.

రెండవ కారణం మన ఇండ్లలోని ప్రస్తుత సమస్య. పదో తరగతి దాటిన పిల్లలకు ఇక్కడి పదకొండో తరగతి భౌతికశాస్త్రపు పుస్తకంలో చలనాన్ని గురించిన పాఠంలోనే కలన గణితం, అంటే కాలిక్యులస్, ఎదురవుతున్నది. గణితం తీసుకున్న పిల్లలు ఎట్లాగో నెట్టుకొస్తారు. వైద్యం చదవాలనే ఆశతో గణితం వదిలి, జీవశాస్త్రాలు తీసుకున్న పిల్లలకు కూడా భౌతికశాస్త్రపు పుస్తకం అదే. ఈ లెక్కలు మాకెందుకని వారు బెదిరిపోతున్నారు. బీజగణితంతో నేర్పితే చాలదా అని కొందరు పెద్దలూ, కలన గణితం లేనిదే భౌతికశాస్త్రమే లేదని మరికొందరూ వాదించుకోవడం మన సంఘపు సమావేశాల్లో కూడా వింటున్నాము. ఈ తగవుకు రామన్ గారి జీవితమే మంచి జవాబని మాకు తోచింది.

ముందుగా ఈ రెండు లెక్కలకూ గల భేదం తెలియాలి. మేము పదో తరగతితో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా కుదురుకున్నవారము. కనుక మాకు తెలిసిన రైలుతోనే చెబుతాము. తిరువళ్ళూరు నుంచి అరక్కోణానికి సుమారు 27 కిలోమీటర్లు. బండి 40 నిమిషాల్లో చేరిందనుకుందాము. దూరాన్ని కాలంతో భాగిస్తే గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగమని తేలుతుంది. ఇది సగటు వేగం. దీనికి మామూలు లెక్క చాలు. అయితే దారిలో తిరువాలంగాడు ప్లాట్‌ఫారం చివర దాటుతున్న ఆ క్షణంలో బండి వేగమెంత? సగటు వేగం ఈ సంగతి చెప్పలేదు. పట్టాల ప్రక్కన కరెంటు స్తంభాలుంటాయి గదా. రెండు స్తంభాల నడుమ దూరాన్ని, బండి దాన్ని దాటిన సెకన్లతో భాగిస్తే నిజానికి కొంత దగ్గరవుతాము. ఆ దూరాన్ని సగం చేసి, మళ్ళీ అందులో సగం చేసి, అట్లా తగ్గించుకుంటూ పోతే వచ్చే జవాబులు ఒక అంకె దగ్గరకు చేరుకుంటాయి. ఆ అంకే ఆ క్షణపు వేగం. ఈ పద్ధతికే అవకలనమని పేరు. 

ఇక రెండో ఉదాహరణ. ఆగి ఉన్న బండి రెండు నిమిషాల్లో గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకున్నదనుకుందాము. వేగం ఒకే తీరుగా పెరిగితే మొదటి వేగాన్నీ చివరి వేగాన్నీ కూడి సగం చేస్తే సగటు వేగం 30. ఆ లెక్కన రెండు నిమిషాల్లో ఒక కిలోమీటరు నడిచిందన్నమాట. పిల్లలు వల్లెవేసే చలన సూత్రంలో కనబడే ఆ అరభాగం ఇక్కడిదే. ఇంతవరకూ బీజగణితం హాయిగా నడిపిస్తుంది. కాని నిజమైన బండి అట్లా ఒకే తీరుగా వేగం పుంజుకోదు. మొదట గట్టిగా, తరువాత మెల్లగా పుంజుకుంటుంది. అప్పుడు ఆ సగం సూత్రం తప్పుతుంది. కాలాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్కలో నడిచిన దూరాన్ని కట్టి, అన్నీ కూడవలసి వస్తుంది. ఆ కూడికే సమాకలనం. ఈ రెండూ కలిసి కలన గణితం. మారనిదానికి బీజగణితం చాలును, మారుతూ పోయేదానికి కలన గణితం కావలెను. భేదం స్థూలంగా ఇంతే.

ఇప్పుడు రామన్ గారి కథలోకి వెళదాము.

వారి తండ్రి చంద్రశేఖర అయ్యరుగారు 1892లో విశాఖపట్నంలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలలో గణితానికీ, భౌతికశాస్త్రానికీ అధ్యాపకులుగా వచ్చారు. అప్పటికి రామన్ గారికి ఇంకా నాలుగేండ్లు నిండలేదు. ఇంట్లో తండ్రిగారి పుస్తకాలున్నవి, తండ్రిగారు వాయించే ఫిడేలు ఉన్నది. ఒకే మనిషి లెక్కా, ప్రకృతిశాస్త్రమూ, సంగీతమూ మూడూ సాధన చేస్తుంటే చూస్తూ పెరిగిన పిల్లవాడాయన. అక్కడి సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి పదకొండో యేట మెట్రిక్యులేషన్‌లోనూ, తరువాత ఎఫ్.ఏ. పరీక్షలోనూ కృతార్థులయ్యారు. 1902లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1904లో బి.ఏ. ప్రథమ శ్రేణిలో, భౌతికశాస్త్రంలో బంగారు పతకంతో ఉత్తీర్ణులయ్యారు. 1907లో ఎం.ఏ. ముగించారు. అంతకు ముందే, 1906లో, దీర్ఘచతురస్రాకారపు సందులోగుండా పోయే వెలుతురు ఎట్లా చారలు కడుతుందో పరిశీలించి వ్రాసిన వ్యాసం ఇంగ్లండులోని ఫిలసాఫికల్ మాగజైన్‌లో అచ్చయింది. అప్పటికి వయస్సు పద్ధెనిమిది.

తమ మనస్సును తీర్చిన పుస్తకాలు మూడని రామన్ గారు తరువాతి కాలంలో చెప్పుకున్నారు. ఒకటి బుద్ధ భగవానుని చరిత్రమైన ఎడ్విన్ ఆర్నాల్డు కావ్యం. రెండవది యూక్లిడ్ రేఖాగణితం. మూడవది జర్మనీ దేశపు హెల్మ్‌హోల్ట్జ్ పండితుడు 1863లో ప్రకటించిన నాదశాస్త్ర గ్రంథం. మూడవదానిలో ఒక విశేషమున్నది. సంగీత విద్వాంసులు కూడా చదువుకోవాలని ఆ పండితుడు కఠినమైన గణితాన్ని గ్రంథం మధ్యలో ఉంచక, చివర అనుబంధాలలోకి చేర్చాడు. ముందు చెవికి వినబడేదీ, కంటికి కనబడేదీ, తరువాత నిష్పత్తులు, అటుపిమ్మట కలన గణితం. ఈ వరుస రామన్ గారి మనస్సుకు పట్టింది. జీవితమంతా ఆయన పని నడిచినది ఆ వరుసనే.

1907లో ఆర్థికశాఖ పోటీ పరీక్షలో ప్రథములుగా నెగ్గి, ఆ యేడే వివాహం చేసుకొని, భార్య లోకసుందరమ్మగారితో కలకత్తా చేరి అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్ పదవిలో ప్రవేశించారు. మనబోటి దస్తరం మనుష్యులు ఇక్కడ ఒక క్షణం ఆగి ఆలోచించదగినది. పగలంతా సర్కారు జమాఖర్చులు. అయినా ఒకనాడు ట్రాములో పోతూ బౌబజారు వీధిలో ఒక శాస్త్ర సంఘపు బోర్డు చూచి లోపలికి వెళ్ళారు. మహేంద్రలాల్ సర్కార్ గారు 1876లో స్థాపించిన సంఘం అది. పరికరాలున్నా పనిచేసేవారు లేరు. ఆనాటినుంచి ఆఫీసుకు ముందు ప్రొద్దుటా, ఆఫీసు తరువాత సాయంకాలమూ ఆయన మకాం అక్కడే. నడుమ రంగూనుకూ నాగపురానికీ బదిలీ అయినా 1911లో తిరిగి కలకత్తాకే వచ్చారు. అక్కడ ఆయనకు కుడిభుజంగా పనిచేసిన ఆశుతోష్ డే గారు విశ్వవిద్యాలయపు గడప త్రొక్కినవారు కారు. పెద్ద గణితం చదవని మనిషి కూడా చేతివాటంతో, నిశితమైన చూపుతో శాస్త్రానికి ఎంత సేవ చేయగలడో దీనివలన తెలుస్తుంది. 1917లో రామన్ గారు ఎక్కువ జీతం వచ్చే ఆ పెద్ద పదవి వదులుకొని, తక్కువ జీతానికి కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్య పదవి స్వీకరించారు. మన తిరుత్తణి రాధాకృష్ణన్ గారు కూడా 1921లో అదే విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రాచార్యులుగా చేరడం మరొక విశేషం.

ఆ రోజుల్లో ఆయన ఎక్కువగా వాద్యాల మీద పనిచేశారు. ఫిడేలు కమాను తీగను కొంతదూరం తనతో లాక్కుపోతుంది, తరువాత తీగ చటుక్కున జారి వెనుకకు పోతుంది. లాగుడు, జారుడు, మళ్ళీ లాగుడు. ఈ కదలికను సాధారణంగా అంతులేని శ్రేణులతో లెక్కకట్టేవారు. రామన్ గారు వేగాన్ని సరళరేఖలతో గీసి, ఆ గీతలనుబట్టి తీగ కదలికను సాధించి, 1918లో ఒక పెద్ద గ్రంథమే ప్రకటించారు. మృదంగం సంగతి ఇంకా ముచ్చటైనది. మామూలు డోలు చర్మాన్ని కొడితే పుట్టే ఉపస్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. మృదంగపు కుడిమూతి నడుమ నల్లని ముద్ద అంటించిన మన పూర్వులు ఆ లోపాన్ని సవరించారు. ఆ ముద్ద బరువు వలన ఉపస్వరాలు ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు అనే పూర్ణసంఖ్యల నిష్పత్తికి చేరువవుతాయని 1920లో ఒకసారీ, తరువాత మరింత వివరంగానూ ఆయన నిరూపించారు. చర్మం మీద సన్నని ఇసుక చల్లి, ఎక్కడ కదలక నిలుస్తుందో చూడడమే అక్కడి ముఖ్య ప్రయోగం. మన పండుగ కచేరీలో మృదంగం విన్న ఏ పిల్లవాడికైనా ఈ సంగతి చెప్పవచ్చును. ఒకటి నుంచి అయిదు వరకు అంకెలు వస్తే చాలును.

ఇట్లా వ్రాస్తున్నామని రామన్ గారికి కలన గణితం రాదని ఎవరూ భ్రమపడరాదు. వెలుతురు చారలను గూర్చిన మొదటి వ్యాసానికే అది అవసరమైంది. సముద్రపు నీలిరంగు విషయంలో ఈ సంగతి బాగా బయటపడుతుంది. 1921లో ఇంగ్లండు వెళ్ళి ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రపు నీలిమను చూచి ఆయన ఆశ్చర్యపడ్డారు. సముద్రం నీలం ఆకాశపు నీడ మాత్రమేనని అంతకుముందు రేలీ ప్రభువు అభిప్రాయం. ఆకాశం ఎందుకు నీలమో ఆ రేలీ పండితుడే 1871లో వివరించి ఉన్నాడు. చెదిరే వెలుతురు తరంగదైర్ఘ్యపు నాలుగవ ఘాతానికి విలోమంగా ఉంటుందని ఆయన సూత్రం. దాన్ని మొదట ఆయన కేవలం కొలమానాల పొందికనుబట్టి, దాదాపు బీజగణితంతోనే, రాబట్టాడు. ఊదా రంగు అల పొడవు 4 పాళ్ళూ, ఎరుపుది 7 పాళ్ళూ అనుకుంటే, ఏడును నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని నాలుగుసార్లు వేసి గుణిస్తే తొమ్మిది దాటుతుంది. అంటే ఎరుపుకంటే ఊదా తొమ్మిది రెట్లకు పైగా చెదురుతుంది. కాని గాలికి సరిపోయిన ఆ లెక్క నీటికి చాలదు. నీటిలో అణువులు క్రిక్కిరిసి ఉంటాయి, వాటి సాంద్రత క్షణక్షణం ఎచ్చుతగ్గులవుతూ ఉంటుంది. దానికి ఐన్‌స్టీన్ 1910లో కలన గణితంతో సాధించిన సూత్రం కావలసివచ్చింది. రామన్ గారు ఓడమీద ఒక చిన్న నికల్ పట్టకంతో ఆకాశపు నీడను మరుగుచేసి, నీరు స్వయంగా నీలంగానే ఉన్నదని కంటితో చూచారు. కలకత్తా చేరిన తరువాత ఐన్‌స్టీన్ సూత్రంతో సరిచూచుకున్నారు. మొదట కన్ను, తరువాత లెక్క. అయితే ఆ లెక్కను తప్పించుకోలేదు.

ఆ దారినే ఏడేండ్లు నడిచి, కె. ఎస్. కృష్ణన్ మొదలైన శిష్యులతో పనిచేసి, 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితాన్ని కనుగొన్నారు. ఒకే రంగు వెలుతురును ద్రవంలోకి పంపితే చెదిరి వచ్చే వెలుతురులో అసలు రంగుతో పాటు కొద్దిగా మారిన రంగులు కూడా ఉంటాయి. ఇందులోని లెక్క ఎంతో చూడండి. పాదరసపు దీపం నీలిరేఖలో ఒక సెంటీమీటరుకు 22,938 అలలు పడతాయి. బెంజీనులో చెదిరి వచ్చిన కొత్త రేఖలో 21,946 అలలు. తీసివేస్తే 992. వెలుతురు పోగొట్టుకున్న ఈ మొత్తమే బెంజీను అణువు ఊపిరి తీసినట్లు కదిలే కదలిక లెక్క. ఒక్కొక్క పదార్థానికి ఇట్టి అంకెలు వేరు వేరు కనుక, తెలియని పదార్థాన్ని కూడా వీటినిబట్టి గుర్తుపట్టవచ్చును. మన జమాఖర్చులో ఇచ్చినదీ, మిగిలినదీ చూచి ఖర్చు కట్టడం వంటిదే ఇది. రెండవ తరగతి పిల్లవాని తీసివేత 1930లో నోబెల్ బహుమానం తెచ్చింది!

అయితే ఆ రేఖ ఎందుకు వస్తుంది, ఎంత కాంతిగా వస్తుంది అనే ప్రశ్నలకు తీసివేత చాలదు. రామన్ గారి ప్రయోగానికి ముందే, 1925లో, క్రామర్స్, హైజెన్‌బర్గ్ అనే పండితులు ఐరోపాలో పెద్ద గణితంతో ఇటువంటి కాంతి ఉండాలని వ్రాసి ఉన్నారు. లెక్క ముందే సూచించిన దానిని కన్ను తన దారిన వెళ్ళి పట్టుకున్నదన్నమాట.

ఇక్కడ మన తెలుగువారి పాత్ర వస్తుంది. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం గారు 1928లో కలకత్తా వెళ్ళి రామన్ గారి శిష్యులైనారు. 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. అప్పుడు అక్కడ ఉపాధ్యక్షులెవరో తెలుసునా? మన తిరుత్తణి రాధాకృష్ణన్ గారే. భగవంతం గారు, గణితజ్ఞులైన టి. వేంకటరాయుడుగారు కలిసి, అణువు ఆకారంలోని పొందికనుబట్టి రామన్ రేఖలు ఎన్ని రావలెనో ముందుగా చెప్పే సమూహ సిద్ధాంతం మీద ఒక గ్రంథం వ్రాశారు. దానిని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఆ సమూహ సిద్ధాంతం బీజగణితపు సంతానమే. బీజగణితం చిన్నపిల్లల లెక్క, కలన గణితం పెద్దల లెక్క అనుకునేవారు ఇది గమనించవలెను. విశాఖపట్నంలో పెరిగిన బాలుడు కలకత్తాలో కనుగొన్నదానికి విశాఖపట్నంలోనే తెలుగువారు గణితపు అండ చేకూర్చడం మనకు గర్వకారణం.

రామన్ గారు 1933లో బెంగుళూరులోని సైన్సు ఇన్‌స్టిట్యూటుకు డైరెక్టరుగా వెళ్ళారు. అక్కడ గణితంలో దిట్ట అయిన నాగేంద్రనాథ్ గారితో కలిసి, చెవికి వినబడని శబ్దతరంగాలు ద్రవంలో పోతుండగా వెలుతురు ఎట్లా విడిపోతుందో 1935, 1936 సంవత్సరాల్లో వివరించారు. గురువుగారిది ఊహ, శిష్యునిది గణితం. రెండూ కలిసిన ఆ సిద్ధాంతం నేటికీ వారిద్దరి పేరిటనే వాడుకలో ఉన్నది.

అన్నిచోట్లా ఇట్లా కలిసిరాలేదు. ఇది కూడా చెప్పకపోతే జీవితచరిత్ర పూర్తికాదు. స్ఫటికాలలో అణువుల కదలికను గురించి 1940 తరువాత ఆయనకూ, జర్మనీ నుంచి వచ్చిన మాక్స్ బోర్న్ పండితునికీ తీవ్రమైన వివాదం నడిచింది. బోర్న్ గణితం అసలు స్ఫటికానికి వర్తించదని రామన్ గారు పట్టుబట్టారు. తమ వర్ణపటంలో కనబడిన తీక్ష్ణమైన రేఖలనే ప్రమాణంగా తీసుకున్నారు. తరువాత న్యూట్రాను కణాలతో చేసిన ప్రయోగాలు బోర్న్ పక్షానే సాక్ష్యమిచ్చాయి. అంత గొప్ప కన్ను కూడా గణితం చెప్పినదానిని త్రోసిపుచ్చితే ఒంటరి అయిపోతుందని ఈ ఘట్టం నేర్పుతున్నది. ఆయన అన్నగారి కుమారుడైన చంద్రశేఖర్ గారు దీనికి పూర్తిగా ఎదురుదారిన, కాగితమూ కలమూ పట్టుకొని, గణితంతోనే నక్షత్రాల గుట్టు విప్పి 1983లో నోబెల్ బహుమానం పొందారు. ఒకే ఇంట రెండు దారులు, రెండు బహుమానాలు.

1948లో రామన్ గారు బెంగుళూరులో తమ పేరిట పరిశోధనాలయం నెలకొల్పుకొని, అంత్యకాలం వరకూ వజ్రాల మీదా, పూల రంగుల మీదా పనిచేస్తూ, 1970 నవంబరు 21న కీర్తిశేషులైనారు. 1987 నుంచి దేశమంతటా ఫిబ్రవరి 28ని జాతీయ విజ్ఞాన దినంగా జరుపుకుంటున్నాము.

ఇక మన తగవు సంగతి. భౌతికశాస్త్రాన్ని మొదట బీజగణితంతో, నిష్పత్తులతో, చూచి వినే ప్రయోగాలతో నేర్పడం తక్కువ పని ఎంతమాత్రం కాదు. రామన్ గారి గొప్ప పనుల్లో చాలా వాటికి మూలం అదే. కాబట్టి గణితం వదిలిన పిల్లలు భౌతికశాస్త్రాన్ని కూడా వదలవలసిన పని లేదు. కాని అక్కడే ఆగిపోవడం కూడా మంచిది కాదు. నీటి దగ్గరకు రాగానే గాలి లెక్క చాలనట్లు, ఏదో ఒక మలుపులో కలన గణితం అవసరం తప్పకుండా వస్తుంది. అది వచ్చినప్పుడు భయపడకుండా అందుకోవాలంటే సూత్రాలు వల్లెవేస్తే చాలదు. ఆ సూత్రంలోని అరభాగం ఎక్కడనుంచి వచ్చిందో తెలిసి ఉండాలి. తల్లిదండ్రులు ఇది చెప్పడానికి పట్టభద్రులే కానక్కరలేదు. అరక్కోణం పాసింజరులో కిటికీ ప్రక్కన కూర్చుని, చేతి గడియారంతో స్తంభాలు లెక్కపెట్టించితే చాలును. మా అనుభవంలో అంతకంటే చవకైన ప్రయోగశాల లేదు, టికెట్టు మాత్రం తీసుకోవాలి.

ఆ తమిళ బాలునికి తెలుగునాడు చదువు చెప్పింది. ఈ తమిళనాడు మన తెలుగు బిడ్డలకు చదువు చెబుతున్నది. ఈ ఋణం ఇరుప్రక్కలా తీయగా సాగాలనీ, మన ఇండ్లలోనూ అట్టి పిల్లలు వృద్ధిలోకి రావాలనీ ఈ నూతన సంవత్సర శుభసమయాన తిరువళ్ళూరు, తిరుత్తణి తెలుగు సోదర సోదరీమణులందరికీ మా హృదయపూర్వక ఉగాది శుభాకాంక్షలు.